నీళ్లు ఎడమ చేతి వైపు

అసలు చదును నేల మీద సైకిలు తొక్కడం సులువని మొదట అన్న మనిషెవరో గానీ వాడు జన్మలో సైకిలెక్కి ఉండడు, కొండ దారైతే ఎక్కేటప్పుడు పడ్డ యాతనంతా దిగేటప్పుడు తీరిపోతుంది, కాళ్లు ఊరికే పెట్టుకుని కూర్చుంటే బండే తీసుకుపోతుంది, ఇక్కడ దిగుడన్నది లేదు, తొక్కడం ఆపితే బండి ఆగుతుంది, అంతే, అనుకుంది ఎవెలియా, మోకాలి చిప్ప లోపల ఇసుక పోసినట్టుంది, సీటు కింద చర్మం మండుతోంది, ఎడమ పక్కన కస్తీయా కాలువ, ఎటు పారుతోందో ఎవరికీ చెప్పని నీళ్లు, కుడి పక్కన కోసేసిన గోధుమ చేలు ఆకాశం దాకా, మధ్యలో ఈ బాట, ఒకప్పుడు ధాన్యం పడవల్ని తాళ్లు కట్టి లాగిన కంచరగాడిదలు నడిచిన బాట, పాపం వాటి మోకాళ్లు ఎలా ఉండేవో, ముందు మొగుడి వీపు, చెమటకి అంటుకుపోయిన నీలం చొక్కా, నిన్నట్నుంచీ ఆ వీపునే చూస్తోంది, నిన్నట్నుంచేమిటి, పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తోంది, ఆదివారం వచ్చిందంటే సైకిళ్లు తీయాల్సిందే, తార్సిసియో ముందు, ఆమె వెనక, నా చక్రానికి అంటుకుని రా ఎవె, పక్కకి పోకు అని అరిచేవాడే గానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెనక్కి తిరిగి ఈ మనిషి వస్తోందా పడిపోయిందా అని చూసిన పాపాన పోలేదు, అదేమిటయ్యా అంటే వస్తూనే ఉన్నావుగా అనేవాడు, ఆమెకి ఒళ్లు మండేది, ఈ ప్రయాణంలో మాత్రం వంతెన కనిపించిందంటే చాలు, ఆగి ఆమె వచ్చేదాకా నిలబడుతున్నాడు, వయసు మీద పడి మెత్తబడ్డాడు కాబోలు, లేక ఆ జబ్బే మనిషిని మెత్తబరుస్తుందా, డాక్టరమ్మ అలాంటిదేమీ చెప్పలేదే.

డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటే, జూన్ నెలలో, అతన్ని చొక్కా వేసుకు రమ్మని లోపల ఉంచి ఆమెను వరండాలోకి పిలిచి, అల్జీమర్స్ అంది, ఆ తర్వాత కూడా చాలా చెప్పింది గానీ ఆమె చెవులు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి, అతనికి తెలియనివ్వకుండా వేసవంతా గడిపేసింది, తెలియనివ్వకపోవడం ఎంత చాకిరీ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ అతని మాటలకి ముందే అడ్డుపడాలి, ఎవరైనా తెలిసినవాళ్లు ఎదురైతే అతను తడుముకోకముందే పేరు పెట్టి పలకరించాలి, రొట్టె కొనడానికి వెళ్లినవాడు రాకపోతే మెట్లు దిగాలి, దిగితే కింది అంతస్తులో, తమ తలుపులాంటి తలుపు ముందు, చంకలో రొట్టెతో, తాళం తిరగడం లేదే ఎవె అంటూ నిలబడి ఉన్నాడు, తుప్పు పట్టిందిలే అని తనే పైకి తీసుకొచ్చింది, పలెన్సియా చుట్టుపక్కల గొర్రెల కొట్టాలన్నిటికీ తిరిగి పాలు పోగుచేసే పాలబండి తోలినవాడు, పొగమంచులో కూడా దారి తప్పనివాడు, కూతురు నియెవెస్ ఫోన్లో ఒకటే పోరు, అమ్మా అది నాన్న జబ్బు, నీది కాదు, ఆయనకి తెలియాలి, ఈ ప్రయాణంలో నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను, సరేనే తల్లీ రియోసెకో చేరేలోపు చెబుతానంది, కాలువ రియోసెకో రేవుతో అయిపోతుంది, సాయంత్రానికి చేరిపోతారు, ఇంకా నోరు పెగల్లేదు, సముద్రం ఒడ్డుకి పోదామయ్యా, కుర్చీ వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుందాం అని ఎంత బతిమాలింది, అక్కడైతే చెప్పడం తేలికయ్యేది, వినలేదు, కాలువ వెంటే పోదామని మొండిపట్టు, ఈ మొండితనం మాత్రం మర్చిపోడు మహానుభావుడు.

కాస్త్రోమోచోలో చర్చి గోపురం నీడన ఉన్న చిన్న హోటల్లో భోజనానికి ఆగారు, కాళ్లు నేలమీద పెడితే నేల కూడా తిరుగుతున్నట్టుంది, హోటలు నడిపే కాసిల్డా అతన్ని చూస్తూనే పాలబండి తార్సిసియో కదూ, ఏమైపోయావయ్యా ఇన్నాళ్లూ, మా గొర్రెలన్నీ నీ మీద బెంగపెట్టుకున్నాయి అంది, గొర్రెలేనా, నువ్వు పెట్టుకోలేదా అన్నాడు, ఎంత బాగా అన్నాడు, పాత తార్సిసియోయే, ఎవెలియాకి ప్రాణం లేచొచ్చింది, వెల్లుల్లి చారులో రొట్టె ముంచుకుని తింటూ ఒక్క క్షణం కాపలా మానేసింది, ఆ క్షణంలోనే అతను మీ నాన్న ఏడమ్మా, పిలువు, పేకముక్కలు దాచి నన్ను ఓడించి చాన్నాళ్లయింది అన్నాడు, బల్ల తుడుస్తున్న కాసిల్డా చెయ్యి ఆగిపోయింది, వాళ్ల నాన్న శవపేటికకి భుజం పట్టినవాళ్లలో తార్సిసియో ఒకడు, వానలో, బూట్ల నిండా బురదతో ఇంటికొచ్చాడు ఆ రోజు, ఎవెలియా గబుక్కున అందుకుంది, ఈయనకి వైను పడితే చచ్చినవాళ్లని కూడా లేపి పేకాటకి కూర్చోబెడతాడమ్మా అని, కాసిల్డా మంచిది, నవ్వింది, తను కూడా నవ్వింది, దవడలు నొప్పెట్టేలా నవ్వింది, తార్సిసియో మాత్రం నవ్వలేదు, ఎదురుగా ఉన్న గ్లాసు చూశాడు, అందులో వైను పోసింది పోసినట్టే ఉంది.

ఊరు దాటాక గట్టు కోసుకుపోయింది, అవతలి గట్టుకి పొమ్మని పలక పెట్టారు, పక్కనే రాతి వంతెన, ఈసారి అతను ఆగలేదు, తల దించుకుని వంతెనెక్కి దాటి ఎడమకి తిప్పాడు, ఆమె కూడా వెనకే తిప్పింది, ఏమిటో ఒక్కసారిగా ప్రాణానికి హాయి అనిపించింది, చెవుల్లో హోరు పోయింది, పెడల్ మీద కాలు పెడితే చాలు బండి జారిపోతోంది, ఎవరో వీపు మీద చెయ్యేసి నెమ్మదిగా తోస్తున్నట్టుంది, ఎదురుగా దూరంలో గోపురం, ఎంత పెద్ద గోపురం, ఇదే ఊరు, ఇదే ఊరేమిటి, ఇందాకటి ఊరే, కుడికి తిరగాల్సింది, వచ్చిన దారినే వెనక్కి పోతున్నారు, తెలిసింది, తెలిసి కూడా నోరెత్తలేదు, ఎత్తితే మళ్లీ ఏదో ఒక అబద్ధం ఆడాలి, చెట్లన్నీ ఒకేలా ఉన్నాయిగా అనో ఎండ మొహాన కొట్టిందనో, మళ్లీ నవ్వాలి, మళ్లీ వెనక్కి తిరిగి ఆ దారంతా తొక్కాలి, ఎవరు తొక్కుతారు, పోనీలే, ఇలాగే పోదాం, ఇలాగే ఇంటిదాకా పోదాం, రియోసెకో చేరకపోతే చెప్పక్కర్లేదుగా, పాప్లార్ చెట్ల నీడలు ఒకటొకటిగా ఒంటిమీద నుంచి పోతున్నాయి, నీళ్లు ఎడమ చేతి వైపు మెరుస్తున్నాయి, ఇంత సుఖపడి ఎన్నాళ్లయిందో, జబ్బు మనిషి తప్పు దారిలో పోతుంటే వెనకాల సుఖపడుతోంది తను, సిగ్గేసింది, అయినా ఆపలేదు.

ఆపింది అతనే, కాలు నేలకి ఆనించి గోపురం వంక చూస్తూ, ఆ గోపురం కింద మనం ఇందాకే భోంచేశాం కదూ అన్నాడు, అవునంది, నువ్వెప్పుడు చూశావు, వంతెన దిగగానే, మరి చెప్పలేదేం, ఏదో అల్లబోయింది, ఒంట్లో అబద్ధాలన్నీ అయిపోయాయి, గాలి వెనక నుంచి ఉంది, హాయిగా ఉంది, అలసిపోయానయ్యా అంది, అతను ఆమె మొహం చూసి నవ్వాడు, ఈ వేసవంతా వినని నవ్వు, పొద్దున్నుంచీ ఒక్క మాటే జపం చేస్తున్నానే, నీళ్లు ఎడమ చేతి వైపు ఉంటే రియోసెకో, ఎడమ చేతి వైపు ఉంటే రియోసెకో, వంతెన దాటితే చెయ్యి మారుతుందని తట్టి చావలేదు, అందుకే వంతెనల దగ్గర ఆగి నువ్వెటు తిప్పుతావా అని చూసేది, ఆ పిల్ల వాళ్ల నాన్న సంగతితో ఇవాళ ఆగడం కూడా మర్చిపోయాను అన్నాడు, మెత్తబడ్డాడనుకుంది తను, ఎంత పిచ్చిది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుని, తార్సిసియో, జూన్లో డాక్టరమ్మ నన్ను పిలిచి అని మొదలుపెట్టింది, అతను చెయ్యి అడ్డం పెట్టాడు, నాకు ఏప్రిల్లోనే చెప్పింది, ఒక్కణ్ణే వెళ్లాను, మా ఆవిడకి నేను చెప్పలేనమ్మా, మీరే చెప్పండని కాళ్లావేళ్లా పడ్డాను, లేకపోతే చొక్కా వేసుకోవడానికి ఎవడికైనా అంతసేపు పడుతుందటే, అన్నాడు, ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి, మరి నేను ఇన్నాళ్లూ పడిన అవస్థంతా అంటే, చూస్తూనే ఉన్నాను, బాగా పడ్డావు అన్నాడు, సముద్రం దగ్గర తప్పిపోతే ఎక్కడని వెతుకుతావు నన్ను, కాలువ గట్టయితే అటో ఇటో దొరుకుతాను, అందుకని, అంటూ సైకిలు పక్కకి తీసి దారిచ్చాడు. ఇంక నువ్వు ముందు పద ఎవె, అన్నాడు.

ముందు ఆమె ఎప్పుడూ తొక్కలేదు, బండి తిప్పి వంతెన దాకా వచ్చేసరికే గాలి గుండెల మీద గుద్దింది, ఊపిరి వెనక్కి పోయింది, కళ్లలో నీళ్లు, పెడల్ ఒక చుట్టు తిరగడానికి ఒళ్లంతా కావలసి వచ్చింది, ఇందాకటికి ఇప్పటికి గాలి ఇంత లేచిందా అని పాప్లార్ కొమ్మల వంక చూసింది, లేదు, పొద్దున్న ఎంత వంగాయో అంతే వంగాయి, ఎక్కువ లేదు, తక్కువ లేదు, పొద్దున్న వచ్చింది ఈ గాలిలోనే, నిన్న వచ్చింది ఈ గాలిలోనే, మరి తనకి తెలియదేం, చెవుల్లో హోరు విన్నది, మోకాళ్లని తిట్టుకున్నది, చదును నేలని తిట్టుకున్నది, ఇది మాత్రం మొహాన తగల్లేదు, ముందున్నవాడు గాలి కోస్తే వెనకున్నవాళ్లకి తేలికని సైకిలు క్లబ్బులో అందరూ అనేవాళ్లు, అన్నప్పుడల్లా తలూపింది, తలూపడం వేరు, ఇది వేరు, నా చక్రానికి అంటుకుని రా అంటే అది పెత్తనం అనుకుంది, వెనక్కి చూడడేమని తిట్టుకుంది, ఈ గాలిలో మెడ తిప్పితే బండి పక్కకి లాగేస్తోంది, ఎవరైనా ఎలా చూస్తారు, వెనక గొలుసు చప్పుడు వినిపిస్తోంది, అతను ఊపిరి తీస్తున్న చప్పుడు, తేలిగ్గా, పొద్దున్నకంటే చాలా తేలిగ్గా, అంటే ఇన్నేళ్లూ, అన్ని ఆదివారాలూ, పాలబండి తోలి వచ్చిన ఒంటితో, అలసట ఎరగని మనిషని ఊరంతా చెప్పుకునే మనిషి, ఎవెలియా కూడా చెప్పుకుంది, ఎంత గర్వంగా చెప్పుకుంది, ఆయన అలసిపోయే ఉండేవాడు, ఎప్పుడూ అలసిపోయే ఉండేవాడు, తనకి తెలియనివ్వలేదు.