పెద్దమ్మ ఎముక

సోమవారం పొద్దున్నే ల్యాబు తలుపు తీయగానే, అందరూ హడావుడి అని పిలిచే పరిశోధక విద్యార్థిని బల్ల దగ్గరికి పరిగెత్తింది. తోటివాళ్లు ఆ పిల్లకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. శుక్రవారం సాయంత్రం ఫ్రిజ్‌లోకి వెళ్లాల్సిన యాంటీబాడీ బుడ్డి రెండు రోజులుగా బల్ల మీదే ఉండిపోయింది.

ఎముకలో ఉండే ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీన్‌ను పట్టిచ్చేది ఆ బుడ్డిలోని మందే. ప్రోటీన్ ఎక్కడుంటే అక్కడ అతుక్కుంటుంది, రంగు మందు వేస్తే ఆ చోటు గోధుమ రంగుకు తిరుగుతుంది. తను మూడేళ్లుగా కంటికి రెప్పలా పెంచుకొచ్చిన కణాలు ఎముకగా మారాయో లేదో ఇవాళ తేలాలి. రేపటికల్లా చూపించకపోతే ఈ పని ఆపేయమని గైడు తెగేసి చెప్పాడు. కొత్త బుడ్డి రావాలంటే నెల పడుతుంది.

రంగు రాకపోతే తప్పు కణాలదా, చెడిపోయిన బుడ్డిదా? అది తెలియాలంటే ప్రోటీన్ కచ్చితంగా ఉన్న ఎముకను కూడా పక్కన పెట్టి చూడాలి. ఆ ల్యాబులో అలాంటి ఎముక పెద్దమ్మది. పాతికేళ్లు అక్కడ టెక్నీషియన్‌గా చేసి అందరిచేతా పెద్దమ్మ అనిపించుకున్న ఆవిడ, తుంటి మార్పిడికి వెళ్తూ, తీసేసిన ఎముకను ల్యాబుకే పంపేలా డాక్టరు దగ్గర మాట తీసుకుంది. ఆరేళ్లుగా ఎవరి పరీక్షకైనా ఆవిడ ఎముకే సాక్షి. దాన్ని పలచగా కోసి గాజు పలకల మీద అతికించిన స్లైడుల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే.

దేవుడి మీద భారం వేసి హడావుడి ఆ స్లైడుకూ, తన కణాల స్లైడుకూ ఒకేసారి బుడ్డిలోని మందు, ఆపైన రంగు మందు వేసింది. మధ్యాహ్నం మైక్రోస్కోపు కింద ముందు పెద్దమ్మ ఎముకనే చూసింది. ముదురు గోధుమ రంగు. బుడ్డి బాగానే ఉంది. అంటే ఇక చెప్పుకోవడానికి సాకు కూడా లేదు. తన స్లైడు పెట్టింది.

లేతగా, అక్కడక్కడే, కానీ గోధుమ రంగే. ఆ పిల్లకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని పెద్దమ్మకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నా కణాలు గట్టెక్కాయి. మీ ఎముక లేకపోతే ఈ ధైర్యం ఉండేది కాదు. కానీ ఆఖరి ముక్క వాడేశాను."

"దానికి ఏడుస్తారుటే పిచ్చిదానా? రెండో తుంటి కూడా సలుపుతోంది. వచ్చే నెలే ఆపరేషను, డాక్టరుకి అప్పుడే చెప్పేశాను."

మీకు ఎంతో రుణపడి ఉన్నానని చెప్పబోయింది హడావుడి.

"వింటున్నావా? ఈసారి ఇంకా పలచగా కోయండి," అంది పెద్దమ్మ. "ఇంకో నలుగురికి వస్తుంది."