పిచ్చుక గొంతు

ఆదివారం సాయంత్రం అప్పాయమ్మ ఇంట్లో టీవీ ముందు ఇరుగుపొరుగు చేరడం అనకాపల్లి గవరపాలెంలో ఆ వీధికి మూడేళ్ల అలవాటు. "గడబిడ స్టూడియో" అనే బొమ్మల సీరియల్లో హంసారాణికి గొంతు ఇచ్చేది ఆవిడ కూతురు కృపాజ్యోతి. సినిమావాళ్ళని ఆటపట్టించే సీరియల్ అది. నిర్మాత ఒక పందికొక్కు, హీరో ఒక ఆంబోతు. హీరోయిన్ హంసారాణి వాన చినుకు పడితే చాలు, మేకప్ పోయిందని ముక్కుతో సాగదీసి ఏడుస్తుంది. ఆ ఏడుపు జ్యోతి సొంతంగా పుట్టించింది. దాన్ని అనుకరిస్తూ సండేస్కూల్ పిల్లలు పాస్టరమ్మ చేత తిట్లు తినేవారు.

అయితే ఆ వేసవిలో విశాఖపట్నంలో జ్యోతికి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు దెబ్బతినవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. దెబ్బతింది. మాట్లాడితే మాటకంటే గాలి ఎక్కువ వచ్చేది. హైదరాబాద్ అమీర్‌పేటలో గది ఖాళీ చేసి అనకాపల్లి వచ్చేసింది. డైరెక్టర్ స్టీవెన్ మాత్రం ధైర్యం చెప్పాడు. "నీ గొంతు వచ్చేదాకా హంసారాణిని కథలో పుట్టింటికి పంపించేస్తాను. నిశ్చింతగా ఉండు." అతను అడిగినప్పుడల్లా జ్యోతి ఫోనులో తన సంగతులన్నీ చెప్పుకునేది. ఉప్పునీళ్ళు పుక్కిలించడం, పసుపు పాలు, తలుపు వేసుకుని అఆలు పలకడం, అన్నీ.

అక్టోబరులో ఒక ఆదివారం, హంసారాణి తిరిగొస్తోందని టీవీలో ప్రకటన వచ్చింది. అప్పాయమ్మ ప్రార్థన అవగానే చర్చి గుమ్మంలో నిలబడి అందరినీ పిలిచింది.

"ముందే రికాడు సేసి ఉంచీసుకుంటారు మరి," అంది పక్కింటి చిన్నమ్మలుతో. "మా పిల్ల గొంతు అలాగ దాసీసేరు."

జ్యోతీ అదే నమ్మింది. పాత రికార్డింగులు ఏవో మిగిలి ఉంటాయనుకుంది.

హంసారాణి కారు దిగి మొదటి మాట అనగానే జ్యోతికి తెలిసిపోయింది. అది తన గొంతు కాదు. ఎవరో చిన్నపిల్ల. ముక్కు సాగతీత అంతా ఉంది, ఊపిరి మాత్రం వేరేచోట తీసుకుంటోంది.

"అదిగో, మా జ్యోతే!" అప్పాయమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ వారం కథ ఇది. హంసారాణి వెనక దాక్కుని డబ్బింగ్ చెప్పే పిచ్చుక ఒకటి ఉంటుంది. దాని గొంతు పోతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది, పసుపు పాలు తాగి పసుపురంగుకి తిరుగుతుంది, తలుపేసుకుని అఆలు పలికితే కప్ప అరుపు వస్తుంది. చివరికి స్టూడియోకి వచ్చి మైకు ముందు నోరు తెరవగానే అద్దాలు పగిలిపోతాయి. పందికొక్కు నిర్మాత దాన్ని తోకపట్టి కిటికీలోంచి విసిరేసి, బయట బారులు తీరిన పిచ్చుకల్ని చూసి "నెక్స్ట్!" అంటాడు.

చిన్నమ్మలు నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ గొంతు ఎంత ముద్దుగుందే జ్యోతీ," అంటూ వెళ్ళింది.

అందరూ వెళ్ళాక జ్యోతి చెప్పింది. "అమ్మా, అది నేను కాదు."

"ఏది?"

"హంసారాణి. ఏరే పిల్ల సెప్పింది."

అప్పాయమ్మ కట్టేసి ఉన్న టీవీ వంక చూసింది. "నాకు తెలీలేదే," అంది నెమ్మదిగా. తెలుసని తల్లి అబద్ధమాడినా బాగుండేదనిపించింది జ్యోతికి.

మర్నాడు మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి స్టీవెన్‌కి ఫోన్ చేసింది. తిట్టాలనే వెళ్ళింది. అతను ఆ అవకాశం ఇవ్వలేదు.

"చూశావా ఎపిసోడ్? ఎంత పేరొచ్చిందో తెలుసా జ్యోతీ! నీకే మొదట చెబుదామనుకున్నాను. నువ్వు చెప్పిన సంగతులు లేకపోతే ఆ కథే లేదు."

"నాకు సెప్పి రాయాల్సింది సార్."

"చెప్తే నవ్వు పోతుంది కదా. ఇదిగో విను, పిచ్చుకని ప్రతివారం తెమ్మంటున్నారు చానెల్‌వాళ్ళు. మొన్న మావాడొకడు గొంతు బొంగురు చేసి చెప్పాడు గానీ నకిలీగా ఉంది. నువ్వు చెప్పకూడదూ? ఇప్పుడున్న గొంతు అచ్చం సరిపోతుంది."

అతని మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆమెకి మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. జ్యోతి అద్దం తలుపులోంచి రోడ్డు మీద పోతున్న చెరుకు బండ్లని చూస్తూ అడిగింది.

"దానికి ఎప్పుడైనా గొంతు వత్తాదా సార్?"

"వస్తే ఇంక కామెడీ ఏముంది?" స్టీవెన్ నవ్వాడు.

మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది.

స్టూడియోలో మైకు ముందు నిలబడి, కాగితం మీద ఉన్న "నాకు ఇంకొక్క ఛాన్స్ ఇవ్వండి" అన్న మాట చదివింది. కష్టపడి పలకాలని ఏమీ చెయ్యలేదు. ఉన్న గొంతుతో, ఉన్నట్టుగా అంది. మాట మధ్యలో తెగి గాలిగా మారింది. అద్దం అవతల స్టీవెన్, సౌండ్ ఇంజనీరు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఒకే టేక్!" అన్నాడు స్టీవెన్. మూడేళ్లలో ఆమె హంసారాణికి ఒక్కసారి కూడా ఒకే టేకులో చెప్పలేదు. మెచ్చుకున్నందుకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. అలా కలిగినందుకు బస్సులో స్నేహితురాలి గదికి వెళ్తూ ఏడ్చింది.

ఆ ఎపిసోడ్ వచ్చే ఆదివారానికి ఇంటికొచ్చింది. మళ్ళీ పని దొరికిందని తల్లికి చెప్పింది తప్ప ఏ బొమ్మకి గొంతు ఇస్తోందో చెప్పలేదు. చిన్నమ్మలు వాళ్ళూ చేరారు. పిచ్చుక కిటికీ అంచున వాలి నోరు తెరిచింది. "నాకు ఇంకొక్క..."

గది ఘొల్లుమంది. అప్పాయమ్మ లేచి వెళ్ళి టీవీ కట్టేసింది.

"ఏటొదినా, మాంచి రసంలో ఉండగా!" అంది చిన్నమ్మలు.

"తలనొప్పి. మళ్ళీ వారం సూద్దురు గాని, ఎల్లండి."

వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. అప్పాయమ్మ తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎవులన్నారే నిన్నిలాగ సెయ్యమని?"

"ఎవులూ అనలేదమ్మా. అడిగేరు, ఒప్పుకున్నాను."

"ఆలు నవ్వుతున్నారే. నిన్ను సూసి నవ్వుతున్నారు."

"పిచ్చుకని సూసి."

"నేను నీ తల్లిని. నాకు సెప్పకు." అప్పాయమ్మ వచ్చి టీవీ మీద గుడ్డ కప్పింది. "మానీ. అచ్యుతాపురంలో బట్టలు కుట్టీ కంపెనీలున్నాయి. మన ఈదిలో సుజి ఎల్తంది, నువ్వూ ఎల్లు. ఆ పనికి గొంతుతో పనిలేదు."

పక్కింట్లో చిన్నమ్మలు తన టీవీ పెట్టుకున్నట్టుంది. గోడ అవతలనుంచి బొంగురుగా మాట, వెంటనే నవ్వులు వినిపించాయి.

"గురువారం మళ్ళీ రికార్డింగుందమ్మా," అంది జ్యోతి.

అప్పాయమ్మ వంటింట్లోకి వెళ్ళింది. బుధవారం సాయంత్రం స్టేషన్‌కి సాగనంపడానికి రాలేదు.