రిబ్బను కట్టిన మంచం

కియవారాలో పురిటాసుపత్రి కట్టారు, రంగులేశారు, గుమ్మానికి అడ్డంగా పచ్చ రిబ్బను కట్టారు, తాళం వేశారు. తెరవరేమయ్యా అంటే, గవర్నరు గారు వచ్చి ఆ రిబ్బను కత్తిరించలేదట! కడుపులో బిడ్డకు రిబ్బనుతో ఏం పని? నెలలు నిండితే వచ్చేస్తుంది గానీ, గవర్నరుకు తీరికైందా అని కబురంపి వస్తుందా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది ఆ తాళం. రిబ్బను ఎండకు వెలిసి గడ్డిరంగుకు తిరిగింది. ఒకాయన వచ్చి దాన్ని మాత్రం మార్చిపోయాడు.

తేయాకు బుట్ట వీపున వేసుకుని రోజూ ఆ గుమ్మం ముందు నుంచే పోతుంది వరుగురు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, మోకాలు నొప్పి, నోరు మాత్రం ఇంకా పదునే. ఆ తాళాన్ని చూసినప్పుడల్లా ఆమె కడుపు రగిలిపోయేది. రగలదా మరి! కోడలు న్యవీరాకు నెలలు నిండుతున్నాయి.

తొలికాన్పు ఎలా అయిందో వరుగురు మరిచిపోలేదు. వానాకాలంలో నొప్పులొచ్చాయి. పట్నం ఆసుపత్రికని వ్యానెక్కిస్తే, వంతెన దగ్గర ఎర్రబురదలో చక్రాలు దిగబడ్డాయి. ఆడామగా అందరూ తోశారు, కదిలితేనా! బిడ్డ ఆ వ్యాను సీటు మీదే పుట్టింది. ఏడవలేదు. ఆడపిల్ల. కికుయు ఇళ్ళలో తొలి ఆడపిల్లకు నాన్నమ్మ పేరే పెడతారు. బతికుంటే ఆ పిల్ల కూడా వరుగురే అయ్యేది. "నా పేరును నా చేతుల్తోనే మట్టిలో పెట్టాను తల్లీ," అని నేస్తురాలు గథోని దగ్గర ఒకసారి అని ఊరుకుంది. మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మళ్ళీ వానలు మొదలవుతున్నాయి. ఇక ఆగలేక వార్డు అధికారి గిచూహి ఆఫీసుకు పోయింది. అతను ఇదే కొండ మీద పుట్టినవాడు. టై కట్టాక మెడ కాస్త బిగుసుకుంది.

"తాళం తియ్యి నాయనా. కోడలికి రోజులు దగ్గరపడ్డాయి."

"అవ్వా, తాళంచెవి నా దగ్గరే ఉంది. తీసే అధికారం నాకు లేదు."

"మరి ఎవరికుంది?"

గిచూహి ఓపిగ్గా పాఠం మొదలుపెట్టాడు. "చూడవ్వా, ఆసుపత్రులు కౌంటీవి, అంటే మన జిల్లా సర్కారువి. వార్డు సభ్యుడు సభలో కూర్చుని డబ్బుకు చెయ్యెత్తుతాడు. కాంట్రాక్టరు కడతాడు. నేను కాపలా చూస్తాను. గవర్నరు గారు ప్రారంభిస్తారు. వారు రాకముందే లోపల ఒక్క సూది వేసినా నా ఉద్యోగం ఊడుతుంది."

"పోనీ రోడ్డయినా బాగుచేయించు. పట్నమే పోతాం."

"రోడ్డు వంతెన దాకా కౌంటీది. దాటాక దేశానిది, నైరోబీ వాళ్ళు వెయ్యాలి."

"మరి వంతెనో?"

"వంతెన సంగతి ఇంకా తేలలేదవ్వా."

వరుగురుకు ఒళ్ళు మండిపోయింది. "బళ్ళోనూ ఇదే కథ చెప్పావు. బాలబడి గది కౌంటీదట, పక్కన ఒకటో తరగతి గది నైరోబీదట, రెంటికీ ఒకటే రేకు! కారితే ఎవరి చినుకో తేలక పిల్లలు తడిసి చస్తున్నారు. నా మనవరాలు వంతెన దగ్గర పోయిందిరా. అది కౌంటీ లెక్కా, నైరోబీ లెక్కా? అదైనా తేలిందా?"

గిచూహి తలవంచుకున్నాడు. పాపం, సిగ్గు లేనివాడేం కాదు. భయం ఉన్నవాడు, అంతే.

"కోప్పడకవ్వా. తేదీ ఖాయమైంది. ముందు గథాంబి వార్డులో, ఆ తర్వాత మన దగ్గర. రెండుచోట్లా మీ బృందమే పాడాలి. నీలా ఎత్తుకునేవాళ్ళు ఈ కొండల్లో ఎవరున్నారు చెప్పు?"

ఆ మాట నిజమే. వరుగురు, గథోని, ఇంకో పదిమంది ఆడవాళ్ళు కలిసి పాడితే రెండు కొండల అవతలికి వినపడేది. కౌంటీ వాళ్ళు ఏ రిబ్బను కత్తిరించినా వీళ్ళకు లారీ పంపేవాళ్ళు. గవర్నరు బొమ్మ అచ్చేసిన గుడ్డ ఒకటి, సోడా, రెండు మండాజీలు. ఆ పిండివంట నమిలి, గుడ్డ నడుముకు చుట్టుకుని, పొగడమన్నవాణ్ణి పొగిడి వచ్చేవాళ్ళు. తప్పేముంది, పెద్దమనిషి వస్తే పాట లేకుండా ఎలా? అలా అనుకునే రోజులవి.

గథాంబిలో ప్రారంభం ఘనంగా జరిగింది. షామియానాలు, కుర్చీలు, మైకు. లోపల గదిలో ఆరు కొత్త మంచాలు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. గవర్నరు ఇంకా రాలేదు, వరుగురు మోకాలు సలుపుతోంది. మెల్లగా లోపలికి పోయి ఒక మంచం అంచున కూర్చుంది. లేవబోతే చేతికడియం తగులుకుని ప్లాస్టిక్ కవరు బెత్తెడు చిరిగింది. అయ్యో, చూస్తే తిడతారే! గుమ్మం దగ్గర మిగిలిన పచ్చ రిబ్బను ముక్క పడి ఉంటే తెచ్చి, చిరుగును దగ్గరకు లాగి, మంచం కోడుకు ముడివేసింది. తేయాకు గోనెకు వేసే ముడే. ఒకసారి పడిందంటే కత్తి పెడితే తప్ప రాదు.

"పెళ్ళికొచ్చి పందిరి చింపావే ముసలీ," అని గథోని నవ్వింది.

"నోర్ముయ్యవే, ఎవరైనా వింటారు," అంది వరుగురు.

ఆరోజు బాగానే పాడారు. గథాంబి ఆడవాళ్ళు మంచాలను తడిమి తడిమి చూసుకున్నారు. నిండు నెలల చూలాలు ఒకామె, ముంబి అట పేరు, "ఇక పట్నం పోనక్కర్లేదు" అని వరుగురు చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కొన్నాళ్ళకు కియవారా వంతు వచ్చింది. పొద్దున్నే లారీలోంచి మంచాలు దించి లోపల సర్దారు. న్యవీరాకు ఆపుకోలేని సంతోషం. "అత్తా, ఏ మంచమో ఇప్పుడే చూసుకుందాం రా," అని లాక్కుపోయింది. గది సున్నం వాసన వేస్తోంది. వరుసగా ఆరు మంచాలు. కిటికీ పక్క మంచాన్ని చూసి వరుగురు అలాగే నిలబడిపోయింది.

కోడుకు పచ్చ రిబ్బను. తేయాకు గోనె ముడి.

వంగి తడిమింది. చిరిగింది చిరిగినట్టే ఉంది. తన వేళ్ళు వేసిన ముడి తను పోల్చుకోలేదా! "ఏమైందత్తా?" అంటున్న కోడలికి జవాబు చెప్పకుండా బయటికి నడిచింది. లారీ నీడలో డ్రైవరు మండాజీ తింటున్నాడు.

"ఏం బాబూ, అలిసిపోయావా? ఇంకా తిరగాలా?" అంది తియ్యగా.

"తిరగడమే మా బతుకవ్వా. వీళ్ళ భోజనాలు కాగానే మళ్ళీ మంచాలెక్కించాలి. రేపు కవాంగో వార్డులో ప్రారంభం."

"మరి ఇక్కడో?"

"మళ్ళీ తెస్తారంటున్నారు. గథాంబిలోనూ అదే అన్నారు." నోరు జారానని అప్పుడు తెలిసింది వాడికి. మండాజీ గొంతులో అడ్డం పడింది.

ఆహా! పైన పటారం, లోన లొటారం! ఉన్నవి ఆరు మంచాలు, వాటిని కొండ కొండకీ ఊరేగించి వార్డుకో పురిటాసుపత్రి కట్టామని మైకులో చెప్పుకోవడం. అందరి కళ్ళకూ గంతలు కట్టారు గానీ, మంచాలతో పాటు ఊరూరా అదే పాటల బృందాన్ని తిప్పుతున్నామని ఒక్కడికీ తట్టలేదు. ఈ ఆడవాళ్ళకు గొంతే గానీ కళ్ళు లేవనుకున్నారు కాబోలు. తను అక్కడ నిలబడి పాడింది! ఆ ముంబి కళ్ళనీళ్ళ ముందు, ఈ దొంగ మంచాలను పొగుడుతూ పాడింది! తలుచుకుంటే వరుగురుకు గవర్నరు మీద ఎంత మండిందో తన మీద తనకూ అంత మండింది.

టీ కెటిల్ చుట్టూ చేరిన ఆడవాళ్ళకు సంగతి చెప్పింది. ఒకామె శాపనార్థాలకు దిగింది, ఇంకొకామె రాయి అందుకుంది.

"రాయెందుకే, పడేయ్," అంది వరుగురు. "రాయి విసిరితే రౌడీలంటారు. ఇది పురిటాసుపత్రి, మనం ఆడవాళ్ళం. పడుకుందాం పదండి."

గవర్నరు దిగేసరికి గుమ్మం ముందు పాట లేదు. ఈగల చప్పుడు తప్ప ఏమీ లేదు. గిచూహి ముఖాన చెమటలు. అయినా కార్యక్రమం ఆగుతుందా? రిబ్బను తెగింది, ఫలకం మీద తెర తొలిగింది. "ఆరోగ్యం కౌంటీ బాధ్యత! నా తల్లులు ఇక బురదలో కననక్కర్లేదు!" అని గవర్నరు చెయ్యెత్తాడు. రేడియోవాళ్ళను వెంటేసుకుని, మంచాలు చూపిద్దామని లోపలికి వచ్చాడు.

ఆరు మంచాల మీదా ఆరుగురు ఆడవాళ్ళు దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉన్నారు. మిగతావాళ్ళు గోడవారన నిలబడ్డారు. కిటికీ పక్క న్యవీరా. దాని పక్క మంచం మీద వరుగురు.

"అవ్వా, లేవండి, ఫొటోలు తీయాలి," అని గిచూహి గుసగుసలాడాడు.

"ఎలా లేవను నాయనా? నొప్పులొస్తున్నాయి."

"ఈ వయసులోనా?" అన్నాడు గవర్నరు నవ్వుతూ.

"ఏం చెయ్యమంటారయ్యా, మీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఇంతవయసైపోయింది."

గదంతా గొల్లుమంది. రేడియో అమ్మాయి మైకు ముందుకు చాపింది. వరుగురు లేచి కూర్చుంది. ఇప్పుడు గొంతులో హాస్యం లేదు.

"గౌరవనీయ గవర్నరు గారూ, ఆ రిబ్బను చూడండి, కోడుకు కట్టింది. అది నేను కట్టిన ముడి. ఇక్కడ కాదు, గథాంబిలో. మీ పక్కనే నిలబడి పాడి వచ్చాను కదా, గుర్తుపట్టలేదా? రేపు ఇది కవాంగో పోతుందట. మంచానికి ఇన్ని ఊళ్ళు తిరగడానికి రోడ్డుంది, నా కోడలికి లేదు. ఒక మనవరాల్ని వంతెన దగ్గర పూడ్చాను. ఇంకొకర్ని పూడ్చను. మమ్మల్ని లేపాలంటే పోలీసుల్ని పిలవండి. వాళ్ళు కౌంటీవాళ్ళు కాదు కదా, నైరోబీని అడగాలేమో."

గవర్నరు గిచూహి వైపు చూశాడు. గిచూహి కాళ్ళ వైపు చూసుకున్నాడు. వెనక ఒకాయన చెవిలో ఏదో ఊదాడు. మైకు అలాగే ఉంది మరి.

"ఎవరన్నారు పోతాయని?" అన్నాడు గవర్నరు చివరికి. "ఈ మంచాలు ఎక్కడికీ పోవు."

"ఆ నర్సో?" గథోని తన మంచం మీంచి అడిగింది. మూల తెల్లకోటు వేసుకుని నిలబడ్డ అమ్మాయి ఉలిక్కిపడింది. "అమ్మాయీ, నిన్నూ గథాంబిలో చూశానే! నువ్వూ లారీలోనే వచ్చావా?"

"నర్సు కూడా ఉంటుంది," అన్నాడు గవర్నరు పళ్ళ మధ్య నుంచి.

లారీ ఖాళీగా పోయింది. అయినా ఆడవాళ్ళు నమ్మలేదు. ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని మంచాల మీదే ఉన్నారు. మొక్కజొన్నా చిక్కుడుగింజలూ ఉడికించిన గితేరి గిన్నెలు ఇళ్ళ నుంచే వచ్చాయి. వానలు దంచికొడుతున్నప్పుడు న్యవీరాకు నొప్పులొచ్చాయి. తెల్లకోటు అమ్మాయి లారీలో తిరిగిందే గానీ పని వచ్చినదే.

బిడ్డ ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే, వాన హోరులోనూ బయటికి వినపడింది. మగపిల్లాడైతే ఐదు కేకలు, ఆడపిల్లయితే మూడు, నాలుక ఆడించి కొండ మారుమోగేలా వేయడం వాళ్ళ ఆచారం. వరుగురు వరండాలోకి వచ్చి గొంతెత్తింది. ఒకటి, రెండు, మూడు. మూడోది సగానికే తెగింది. గథోని అందుకుని పూర్తిచేసింది.

"వచ్చావా వరుగురూ," అని మనవరాలి నుదుటి మీద చెయ్యి వేసి ఏడ్చేసింది ముసలిది.

మర్నాడు గథాంబి నుంచి నలుగురు ఆడవాళ్ళు బురదలో నడిచి వచ్చారు. గుమ్మంలోకి వచ్చి, కిటికీ పక్క మంచాన్నీ, దాని మీది పసిగుడ్డునూ చూశారు. వాళ్ళలో ముంబి లేదు.

"ముంబి ఏదమ్మా?" అని అడిగింది వరుగురు.

వాళ్ళలో పెద్దామె మంచం దగ్గరికి వచ్చి ఆ రిబ్బను ముడి తడిమింది. "మా మంచం మీ దగ్గరుందని రేడియోలో విన్నాం," అంది. "అది వినడానికి ముంబి లేదు."

నేను కాదమ్మా తెచ్చింది, అనొచ్చు వరుగురు. వాళ్ళకూ తెలుసు. కానీ తను పాడింది కదా.

లోపలికి పోయి, గవర్నరు బొమ్మ గుడ్డ నడుము నుంచి విప్పి, నేల తుడవమని గథోనికి ఇచ్చింది. చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే ఈ వానలో?" అంది గథోని.

"కౌంటీ ఆఫీసుకు. అందర్నీ లేపు. కవాంగో వాళ్ళకూ కబురంపు."

"మనల్ని పాడమని ఎవరూ పిలవలేదుగా!"

"అందుకే పోతున్నాం," అంది వరుగురు. గథాంబి పెద్దామె చెయ్యి పట్టుకుని వానలోకి దిగింది. "ముంబి ఎలా పోయిందో దారిలో అంతా చెప్పక్కా. పాటలో ఒక్క మాట కూడా తప్పు రాకూడదు."