అత్తగారి ఆకు కాడ

మా హాల్లో గోడకి ఒక ఫోటో ఉంటుంది. నల్లటి బొమ్మ, మధ్యలో గుర్రపు నాడాలా తెల్లటి వంపు, చుట్టూ చిల్లులు చిల్లులుగా కణాలు. వచ్చినవాళ్ళు మోకాలి స్కానింగనుకుని, "ఇప్పుడెలా ఉందండీ?" అని మా అత్తగారిని పరామర్శిస్తారు. "ముప్పై కోట్ల ఏళ్ళుగా ఇలాగే ఉంది" అంటుందావిడ.

అది ఆవిడ పేరున్న ఆకు కాడ. ఎప్పుడో రాయైపోయిన చెట్టుది. ఆ జాతి ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. మా ఆయన కుర్రతనంలో దాన్ని అడ్డంగా కోసి, లోపలేముందో రాసి, వాళ్ళమ్మ పేరు తగిలించి అచ్చు వేయించాడు.

ఇంట్లో ఆవిడ అమ్మ, అత్తయ్య, నాయనమ్మ. వీధిలోవాళ్ళకి మామ్మగారు. మందుల షాపువాడొక్కడే చీటీ మీద పేరు రాస్తాడు, అదీ తప్పు. పేరు పెట్టి పిలిచే ఆఖరి మనిషి వాళ్ళక్క. ఆవిడ పోయాక ఆ పేరు సరిగ్గా మిగిలింది ఆ చెట్టుకే. ఈ సంగతి అత్తగారే చెప్పింది, కూర తరుగుతూ, ఎవరి గురించో చెప్పినట్టు.

నా ఖర్మ కాకపోతే, నా పని కూడా రాతి చెట్లే. పెళ్ళికి ముందు నేనూ ఒక కాండానికి పేరు పెట్టాను. నల్లగా ఉంది కాబట్టి నల్లకాండం అని అర్థం వచ్చే పేరు. నా రసికత అంతే. రాళ్ళలో చెట్టు నిండుగా దొరికి చావదు. ఆకు ఒకచోట, కాండం ఒకచోట, గింజ ఇంకెక్కడో. ఎవరికి దొరికిన ముక్కకి వాళ్ళు పేరు పెట్టేస్తారు. ఆ తర్వాతెప్పుడో రెండూ ఒకే చెట్టువని తేలితే ముందు పెట్టిన పేరు నిలుస్తుంది, రెండోది పోతుంది.

నాది ముందు. ఆయనది ఆర్నెల్లు వెనక.

ఒక రోజు ల్యాబులో నల్లకాండం ఉన్న కొత్త రాయి కోసి, గాజుపలక మీద గరుకు పొడి వేసి రుద్దాను. యాసిడ్‌లో ముంచితే రాయి కాస్త కరిగి కణాల గోడలు పైకి తేలతాయి. ఎసిటోన్ పోసి, పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి, ఆరాక ఊడబీకితే ఆ గోడలు పొరకి అంటుకుని వచ్చేస్తాయి. మళ్ళీ రుద్దడం, మళ్ళీ పొర. రుద్దిన రాయి మాత్రం తిరిగి రాదు.

పొరలన్నీ వరసగా మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. నల్లకాండం నడుమ నుంచి నాళాల కట్ట ఒకటి విడివడింది. పొరపొరకీ కాస్త బయటికి జరుగుతూ, బెరడు దాటి ఆకు కాడలోకి చేరేసరికి గుర్రపు నాడాలా వంగింది. అచ్చం మా హాల్లో ఫోటో. ఓరి దేవుడా అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను.

పక్క గదిలో ఉన్న మా ఆయన్ని పిలిచాను. చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మే" అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించి, "ఆ పొరలు చింపేస్తే? కింద రాయి ఎటూ రుద్దేశావుగా" అన్నాడు.

"సిగ్గులేదూ?"

"ఉంది. అందుకే నేను చింపకుండా నిన్నడుగుతున్నా."

"చింపను. వెళ్ళి మీ అమ్మకి చెప్పండి."

"నువ్వే చెప్పు. పేరు పోగొట్టింది నీ కాండమేగా."

ఒళ్ళు మండిపోయింది. కానీ కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. ఆవిడంటే నాకిష్టం. ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు, నెత్తినెక్కుతుందని.

మర్నాడు అత్తగారిని ల్యాబుకి తీసుకెళ్ళి కుర్చీ ఎత్తు చేసి కూర్చోబెట్టాను. పొరలు ఒకటొకటిగా మార్చాను. ఆవిడ కన్ను తీయలేదు.

"ఇది నాదే" అంది చివరికి.

"మీదే అత్తయ్యా."

"నీ దాంట్లోంచే వచ్చింది."

"అవును."

"మరి పేరు?"

"ముందు పెట్టిందే ఉంటుంది. నాది."

"విరిగిపడి ఉన్నన్నాళ్ళూ పేరుంది. చెట్టుకి అతుక్కోగానే పోయిందన్నమాట" అందావిడ. ఆ రూలు నేనింత సూటిగా ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"చింపితే ఎవరికీ తెలీదని మీ అబ్బాయి అన్నారు."

"వాడి మొహం. ఉన్నది ఉన్నట్టు రాయి."

"హాల్లో ఫోటో తీసేయమంటారా?"

"ఎందుకూ? మోకాలే అనుకోనీ."

లేచి, చీర సర్దుకుని వెళ్ళిపోయింది. గొడుగు బల్ల మీదే ఉండిపోయింది. తీసుకుని వెంటపడ్డాను. పొడుగాటి వరండా చివర ఆవిడ వీపు కనిపిస్తోంది, ఎప్పటికంటే చిన్నగా.

"అత్తయ్యా!"

వినిపించుకోలేదు. మళ్ళీ పిలిచాను. ఊహూఁ.

అప్పుడు పేరు పెట్టి పిలిచాను. కోడలు అత్తగారిని అలా పిలవకూడదని నాకూ తెలుసు. గట్టిగానే పిలిచాను. అవతల గదిలో గుమాస్తా తలెత్తి చూశాడు.

ఆవిడ గిరుక్కున తిరిగింది.

"ఆఁ, వస్తున్నానక్కా!" అంది.

నన్ను చూసింది. గొడుగు చూసింది.

"గొడుగు మర్చిపోయానా?" అని అడిగింది.

"మర్చిపోయారు" అన్నాను.