సందు స్వరాలు

అన్నగారికి ఆ కొత్త క్వార్టెట్ మొదటినుంచీ గిట్టలేదు. వాయించేది నలుగురు. మొదటి వయొలిన్ చెల్లెలిది, రెండోది బక్కాయనది, నేలకు ఆనించి వాయించే చెల్లో బావగారిది, అంటే చెల్లెలి మొగుడిది, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా తనది. రాసిన కుర్రాడికి పియానో మెట్లమీద ఉన్న స్వరాలు చాల్లేదట. పక్కపక్క మెట్ల మధ్య సందులో ఇరుక్కున్న స్వరాలు కావాలట. తీగమీద వేలు కాస్త జరిపితే అవి దొరుకుతాయి, వేలు మాట వింటే.

బక్కాయనా బావగారూ వాటితో తలలు బాదుకుంటున్నారు. అన్నగారి భాగంలో మాత్రం అన్నీ మామూలు స్వరాలే. చెల్లెలే కూర్చుని శుభ్రంగా తిరగరాసి ఇచ్చింది. ముసలాడికి మెత్తటి ముద్ద పెట్టారని మొదట్లో మూతి ముడుచుకున్నాడు. తరవాత మిగతావాళ్ళ తంటాలు చూసి లోలోపల సంతోషించాడు కూడా, అబద్ధమెందుకు.

కచేరీకి ముందురోజు కుర్రాడు రిహార్సల్ గదికి వచ్చి, మడతకుర్చీలో ముందుకు వంగి అంతా విన్నాడు. మిగతా ముగ్గురికీ తలా నాలుగు చీవాట్లు పెట్టి, తిన్నగా వచ్చి అన్నగారి చేతులు పట్టుకున్నాడు.

"అందరికన్నా కష్టం మీకే పెట్టానండి. మొదటినుంచి చివరిదాకా ప్రతి స్వరం సగం మెట్టు కిందికే. ఒక్క మామూలు స్వరం లేదు. మీరు ఒక్కటి కూడా తప్పలేదు."

పొరబడ్డాడు పాపం అనుకుని అన్నగారు నవ్వబోయాడు. చెల్లెలు వయొలిన్ తుడిచినచోటే తుడుస్తోంది. బావగారు తల దించుకున్నాడు.

అప్పుడు అర్థమైంది. వయోలా ఉండేది ఎడమ దవడ కింద. ఆ చెవిలో కొన్నాళ్ళుగా హోరు. జలుబన్నాడు, ఎండన్నాడు. ఆ చెవి తన వాద్యాన్ని ఉన్నదానికన్నా కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తోంది, దాన్ని నమ్మి ఆయన వేలు కిందికి దించుతున్నాడు. శ్రుతి చేసుకునేదీ ఆ చెవితోనే. మామూలుగా వాయించాననుకున్నదంతా వెళ్ళి సందులో పడుతోంది. సగం మెట్టు దించమనే గుర్తులన్నీ ఎత్తేసి చెల్లెలు ఆయన భాగం తిరగరాసింది అందుకే.

కుర్రాడు మంచినీళ్ళకు బయటికి వెళ్ళాడు.

"ఎప్పట్నుంచే?" అన్నాడు అన్నగారు చెల్లెలితో.

"చలికాలం కచేరీ నుంచి, అన్నయ్యా."

"చెప్పొచ్చుగా."

"నోరు రాలేదు. నువ్వు వాయించగలిగింది ఏదన్నా ఉందా అని వెతికాను. ఇదొక్కటే దొరికింది."

ఆయనకు కోపం రాలేదు. ఒళ్ళంతా సిగ్గు కమ్మేసింది. రేపటిది అయ్యాక వచ్చే కచేరీలో అన్నీ పాత క్వార్టెట్లే, సందులేమీ లేనివి. వాటికి వయోలా ఎవరని అడిగాడు.

"వేరే మనిషిని మాట్లాడాం."

మాట్లాడాను అనలేదు, మాట్లాడాం అంది. ఆ మాటలో ముగ్గురూ ఉన్నారు.

కుర్రాడు తిరిగొచ్చి, ఇంకొక్కసారి మొదటినుంచి వింటానన్నాడు. మొదటి స్వరం వయోలాదే. అన్నగారి వేలు తీగమీద ఆగిపోయింది. నిజం తెలిసింది కాబట్టి సరిచేసుకుని వాయిస్తే తప్పవుతుంది. చెడిన చెవి చెప్పినట్టు వాయిస్తే ఒప్పవుతుంది. చెల్లెలు విల్లు ఎత్తి పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

చెవి చెప్పినట్టే వాయించాడు. కుర్రాడు కళ్ళు మూసుకుని, ఎంత బాగుందో అన్నట్టు తలూపాడు.