బ్రేకు మాస్టారి గగన పరీక్ష

బ్రేకు మాస్టారికి వీధి వీధికీ శిష్యులున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క శిష్యురాలే చేజారిపోయేలా ఉంది.

డ్రైవింగ్ స్కూలు కారులో మాస్టారు కూర్చునే సీటు ముందు కూడా ఒక బ్రేకుంటుంది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే నొక్కడానికి. మాస్టారు మాత్రం చేస్తారేమోనని నొక్కుతారు, చేయలేదేమని నొక్కుతారు, కాలు ఖాళీగా ఉందని కూడా నొక్కుతారు. బ్రేకు లేనిది ఆయన నోటికే. "అద్దం చూడు! నన్ను చూడకు! నేను చెప్పేది విను! ఎక్కడికా చూపు?"

ఆదివారం మధ్యాహ్నం భార్య విసురుగా వచ్చి సోఫాలో కూలబడింది.

"రేపట్నుంచి నేను ఎదురు స్కూల్లో నేర్చుకుంటా."

ఎదురు స్కూలంటే మాస్టారి స్కూలుకి సరిగ్గా రోడ్డుకు అవతల ఉన్న స్కూలు. సొంత పెళ్ళామే అక్కడ చేరితే ఇక్కడ చేరే అమాయకుడెవడు? పరువుకి రివర్సు గేరు ఉండదు కదా! మాస్టారికి ముచ్చెమటలు పోశాయి.

"నేనేం చేశానే?"

"బండి నడిపేది నేను, బ్రేకు మీది. ఇక తిట్లంటారా, సగం సగం. మీరు తిట్టడం, నేను తినడం."

గది మూల కంప్యూటరు ముందున్న బావమరిది కిసుక్కున నవ్వాడు. మాస్టారికి ఉన్న ఒకే ఒక వ్యసనం ఆ మూలే ఉంది. భోజనాల బల్లకు బిగించిన విమానం స్టీరింగు పట్టుకుని, తెర మీద విమానాలు నడుపుతారు. ఆ ఆకాశంలో ఆయన ఇష్టమొచ్చినట్టు ఎక్కుతారు, ఇష్టమొచ్చినచోట దిగుతారు. అడిగే నాథుడు లేడు. బావమరిదికి అది నచ్చక ఇప్పుడొక కొత్త సాఫ్ట్‌వేర్ తగిలిస్తున్నాడు.

"ఆకాశంలో నువ్వొక్కడివే ఉంటే అదేం ఆకాశం బావా? ఇది వేస్తే కంట్రోల్ టవర్ నుంచి మాట్లాడతారు. ఎప్పుడెక్కాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు దిగాలో వాళ్ళే చెబుతారు. నువ్వు ఆ మాటే మైకులో తిరిగి అప్పజెప్పి, చెప్పినట్టు చెయ్యాలి. అచ్చం అసలు విమానంలాగే!"

భార్య సోఫాలోంచి లేచింది. మాస్టారు ఒకరి మాట వినడం గగనం. అందుకే గగనంలోనే పందెం కట్టింది.

"ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా, ఒక్క మాట ఎదురు చెప్పకుండా వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. చేస్తే మీ దగ్గరే నేర్చుకుంటా. లేదంటే ఎదురు స్కూలే."

"ఓస్, ఇంతేనా!" అన్నారు మాస్టారు. కుర్చీ మాత్రం అప్పుడే కిర్రుమంది.

విమానం లేచింది. టవర్‌లోని ఆడగొంతు మహా మర్యాదగా పైకెక్కమంది. తిరగమంది. తిరిగాక ఇంకా తిరగమంది. రన్‌వే ఎదురుగా కనిపిస్తుంటే, ముందు ఇంకెవరో దిగాలట, చుట్టూ చక్కర్లు కొట్టమంది. రన్‌వే ముందు రణం చెయ్యాలనిపించింది మాస్టారికి. మోకాళ్ళు ఊగాయి. మీసం కొస నోట్లోకి వెళ్ళింది. నాలుక చివర వేలాడుతున్న మాటల్ని గుటకేసి మింగి, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పారు. భార్య కళ్ళార్పకుండా చూస్తోంది.

చివరికి ఆ గొంతు ఎడమకు తిరిగి ఎత్తు తగ్గించమంది. తిరిగారు. ఎదురుగా కొండ.

"బావా," బావమరిది గొంతు తగ్గించాడు, "కొండ..."

"నోర్ముయ్. దిగమంది."

"సాఫ్ట్‌వేరన్నాక తప్పు చెప్పదా? పైకి లాగు బావా!"

లాగితే భార్య రేపు రోడ్డు దాటుతుంది. కొండ పెద్దదైంది. చెట్లు కనిపించాయి. కొమ్మలు కనిపించాయి. మాస్టారు కళ్ళు మూసుకుని ఎత్తు తగ్గించారు.

తెర ఎర్రబడింది. ఆ గొంతు మాత్రం అంతే మర్యాదగా ఎత్తు తగ్గించమని మళ్ళీ చెప్పింది.

"గెలిచా!" మాస్టారు గంతేశారు. "ఒక్క మాట ఎదురు చెప్పానా?"

"ఎక్కడ దిగావు బావా?"

"కొండ మీద దిగా. విమానం పోతే పోయింది, మానం దక్కింది!"

భార్య నవ్వలేదు.

"కొండ కనబడలేదా మీకు?"

"ఎందుకు కనబడలేదు? కొమ్మలతో సహా కనబడింది."

"మరి?"

"ఆవిడ దిగమందిగా!"

"నేనూ అంతేనండీ. లారీ కనబడుతుంది, గుంట కనబడుతుంది. కానీ మీరేమంటారోనని చెవులు రిక్కించుకుని కూర్చుంటా. ఈలోగా బ్రేకు మీరే నొక్కేస్తారు. నేనింక నేర్చుకునేదేముంది?"

మాస్టారు నోరు తెరిచారు. అంతలో బావమరిది అందుకున్నాడు.

"తీసెయ్యనా బావా దీన్ని? ఇది లేనప్పుడే హాయిగా ఉండేవాడివి."

"ఉంచరా," అన్నారు మాస్టారు నీరసంగా. "ఇంత ధీమాగా తప్పు చెప్పేవాళ్ళని అద్దంలో తప్ప ఎక్కడా చూడలేదు."

పందెం ప్రకారం మర్నాడు పొద్దున భార్యే కారు తీసింది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఆగింది. ఎదురుగా పాలవ్యాను ఆగి దారిచ్చింది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆమె కదలదు. మాస్టారు నోరు తెరిచారు.

"ఏమన్నా అన్నారా?"

"లేదు. ఆవులింత."

ఆమె ఇంకా కదల్లేదు. మాస్టారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. ఒక్క 'పోనీ' అంటే చాలు! ఇంతలో వ్యాను చాటునుంచి ఒక మోటారుసైకిలు బాణంలా దూసుకొచ్చి, వాళ్ళ బంపరు ముందునుంచే వెళ్ళిపోయింది.

ఆమె అప్పుడు నింపాదిగా గేరు వేసింది.

"ఇప్పుడేదో అన్నారు."

"లేదే!"

"'అమ్మో' అన్నారు."

"అది నాకు నేను చెప్పుకున్నాలే," అన్నారు మాస్టారు. "నువ్వు రోడ్డు చూడు... అంటే, చూస్తూనే ఉన్నావనుకో."