మూడో వరుసలో నిద్ర

ఆ పేట నాటకాల హాలు ఒకప్పుడు సామాన్ల గోడౌను. కుర్చీలన్నీ ఇనుపవి. చలికాలంలో మంచుగడ్డలు, ఎండాకాలంలో పెనాలు. వాటి మీద కూర్చుని లేచినవాణ్ణి నాటకం ఎలా ఉందని అడిగితే నడుము పట్టుకుని చూపించేవాడు. అలాంటి కుర్చీలన్నిటికీ దిండ్లు కుట్టి పెట్టింది కాబట్టి ఆమెను అందరూ దిండ్లమ్మ అన్నారు. అసలు పేరు ఇంకొకరు గుర్తుచేస్తే తప్ప ఆమెకే తట్టదు.

ఆ దిండ్లకు గుడ్డ కొన్నది లేదు. వేసి వేసి చంకలు చిరిగిన నాటకాల బట్టలు పారేయబోతుంటే అడ్డం పడి తెచ్చుకునేది. రాజుగారి అంగీ, మంత్రి కండువా, దొంగ దుప్పటి, రాణిగారి పైట అన్నీ ఆమె కత్తెర కిందికి వచ్చినవే. ఎవరి దిండు ఏదో జనానికీ తెలుసు. కొందరు కింద వేసుకునేవారు, కొందరు నడుముకు పెట్టుకునేవారు.

"నా దొంగేడమ్మా?" అంటూ గడియారాలు బాగుచేసే తాత లోపలికి వచ్చేవాడు.

"రెండో వరుసలో మీ కోసమే కాచుకుని ఉన్నాడు, పోండి. ఇవాళైనా నాటకం చూడండి, గోడ గడియారం కాదు."

నాటకం రోజున తలుపు దగ్గర నిలబడి జనాన్ని కూర్చోబెట్టే పనీ ఆమెదే. హాలు తలుపంటే ఆమెకు ఇంటి గడపే. వచ్చినవాళ్ళను నిలబెట్టకూడదు. కూర్చున్నవాళ్ళను లేచిపొమ్మనకూడదు.

మూడో వరుసలో రాజుగారి అంగీ దిండు రొట్టెలక్కది. రొట్టెలక్క బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేది. పేట లేవకముందే లేచి పిండి పిసకాలి. సాయంత్రం నాటకానికి వచ్చి మొదటి రంగం కళ్ళింతలు చేసుకుని చూసేది. రెండో రంగానికి దిండు మెడకింద పెట్టుకుని ఒరిగిపోయేది. గురక కూడా పెట్టేది, అదేమంత చిన్నదీ కాదు. ఆఖరి చప్పట్లకు మెలకువ వచ్చి అందరికన్నా గట్టిగా కొట్టేది. ఒక్క నాటకమూ వదిలిన మనిషి కాదు.

ఆ ఏడు నాటక సంఘానికి పెద్దగా దిండ్లమ్మ అల్లుడే వచ్చాడు. నాటకం రాసేది అతనే, ఆడించేది అతనే, అందులో రాజూ అతనే. అతని రాజులు ఊరికే ప్రాణాలు వదలరు. కూతురి ఒడిలో తల పెట్టుకుని, పైకప్పు రేకులు లేచిపోయేలా అరిచి మరీ పోతారు. అంతకుముందు నాటకంలో అతను ఏడ్చే చోట రొట్టెలక్క గురక పెట్టింది, జనం నవ్వారు. ఆ నవ్వు అతనికి గొంతులో ముల్లయి కూర్చుంది. కొత్త నాటకం దగ్గరపడేసరికి దిండ్లన్నీ బట్టల గదిలో వేసి తాళం పెట్టాడు.

"మెత్తగా ఉంటే కునుకొస్తుంది అత్తయ్యగారూ. అయినా నిద్ర సుఖమెరుగదంటారు. నిద్రపోయేవాళ్ళకి దిండెందుకు?"

"నిద్రకి తెలీదేమో బాబూ, నడుముకి తెలుసు."

"నా పని చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఈసారి ఎవరు పడుకున్నా మీరే లేపి బయటికి పంపండి. ఆ రొట్టెలావిడని ముందు."

"నేను లేపను."

"అయితే తలుపు దగ్గరికి ఇంకొకర్ని చూసుకుంటాను."

"చూసుకోండి. దొరికేదాకా నేనే ఉంటాను, నేను లేపను."

దిండ్లమ్మ కూతురు విని తల పట్టుకుంది. "అల్లుడికి ఎదురు చెప్తావేంటమ్మా?"

"ఇంట్లో అల్లుడు. వచ్చినప్పుడు ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిస్తాను. హాల్లో ఆయన ఆడేవాడు, నేను కూర్చోబెట్టేదాన్ని."

సంగతి రొట్టెలక్క చెవిన పడనే పడింది. చేతులకు పిండితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇక నేను రాన్లే పిన్నీ. నా మూలంగా మీ ఇంట్లో గొడవలెందుకు."

"అసలెందుకొస్తావే? చూసేది సగమైనా ఉండదు."

రొట్టెలక్క కాసేపు వేళ్ళకంటిన పిండి గిల్లుకుంది. "ఇంట్లో పడుకుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగి లేపుతారు పిన్నీ. ఇక్కడ ఎవరికీ నాతో పనుండదు. పెద్దాళ్ళు కబుర్లాడుకుంటుంటే చిన్నప్పుడు పక్కన పడుకునేవాళ్ళం చూడు, అట్లా ఉంటుంది."

దిండ్లమ్మకు ఇంకేం వినక్కర్లేకపోయింది. "నువ్వొస్తున్నావు. రాలేదో, బేకరీకొచ్చి చెవి పట్టుకుని తీసుకొస్తాను."

నాటకం రోజు మధ్యాహ్నం ఆమె కూతురింటికి వెళ్ళింది. మంచం మీదున్న అల్లుడి దిండు చంకలో పెట్టుకుని నేరుగా హాలుకు వచ్చి మూడో వరుసలో పెట్టింది. తెర సందులోంచి చూసిన అల్లుడు, సగం మీసంతో, తల మీద కిరీటంతో కిందికి దిగి వచ్చాడు.

"అది నా దిండులా ఉందే."

"మీదే బాబూ. హాల్లో దిండ్లకి తాళం వేశారు గానీ ఇంటికి వేయలేదుగా."

"ఇంత మొండితనమా అత్తయ్యగారూ?"

"మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు. ఇవాళ రాజు మీరే కదా, చూద్దాం."

గంట మోగింది. మిగతా సగం మీసం కోసం రాజు లోపలికి పరుగెత్తాడు.

రెండో రంగంలో రొట్టెలక్క ఒరిగింది. ఆఖరి రంగంలో రాజు కూతురి ఒడిలో తల పెట్టి, అరవడానికి గుండెల నిండా గాలి పీల్చాడు. సరిగ్గా ఆ సందులో గురక వినిపించింది. పోబోతున్న రాజు తలెత్తి, తలుపు దగ్గరున్న అత్తగారికి కళ్ళతో సైగ చేశాడు, లేపమని.

దిండ్లమ్మ కదిలింది. లేపేస్తుంది కాబోలనుకున్నారందరూ. ఆమె వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. జారిన దిండును మళ్ళీ రొట్టెలక్క మెడకిందికి సర్దింది. అప్పుడు తలెత్తి అంది:

"కాస్త మెల్లగా చావండి అల్లుడుగారూ. మనిషి పడుకుంది."

పిల్లనిచ్చిన అత్త నోట అల్లుడికి ఆ మాట. తెర పక్కన నిలబడ్డ దిండ్లమ్మ కూతురు నాలిక కరుచుకుంది. నవ్వాలో ఊరుకోవాలో జనానికి తెలియలేదు. అందరూ రాజు వంకే చూస్తున్నారు. ఆ చూపుల మధ్య ఇక అరవలేకపోయాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. అవే మాటలు, తండ్రి బిడ్డను నిద్రపుచ్చుతూ చెప్పుకునే మాటల్లా వచ్చాయి. వెనక వరుసలవాళ్ళు ముందుకు వంగారు. తాత గడియారం వైపు చూడటం మరిచిపోయాడు. రాజు పోయేసరికి హాలంతటిలో మిగిలిన చప్పుడు రొట్టెలక్క గురకొక్కటే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చప్పట్లకు ఆమె ఉలిక్కిపడి లేచి, అందరికన్నా గట్టిగా కొట్టింది.

"రాజు పోయాడా పిన్నీ?"

"పోయాడు. నిన్ను లేపకుండానే."

జనం వెళ్ళాక అల్లుడు సగం రంగు తుడుచుకుని వచ్చాడు. అత్తగారి ముందు చెయ్యి చాచాడు.

"నా దిండు ఇటివ్వండి అత్తయ్యగారూ."

"ఇస్తాను. ముందు తాళం తీసి, రాజుగారి అంగీ దిండు తెచ్చి ఈ కుర్చీలో పెట్టండి."

"రేపు పెట్టిస్తాను లెండి."

"అయితే ఇదీ రేపే."

అల్లుడు తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ లోపలికి వెళ్ళాడు. దిండ్లమ్మ అతని దిండును ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, ఇనుప కుర్చీలో నిటారుగా కూర్చుంది. రాజుగారి అంగీ వచ్చేదాకా లేవలేదు.